చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సంక్రాంతి కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఈసారి సంక్రాంతి సమావేశంలో మీరు కృతజ్ఞత గురించి మాట్లాడాలి" అన్నారు. "అదేమిటండీ, డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో అయితే నాలుగు ముక్కలు చెప్పగలను గాని, కృతజ్ఞత గురించి నాకేం తెలుసు? అది పురాణం చెప్పేవారి పని కదా!" అన్నాను. ఆయన నవ్వి, "మనకు రావలసిన బకాయిల గురించి ప్రతి నెలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మనం చెల్లించవలసిన బకాయిల గురించి ఒక్కసారి మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. అలాంటి బకాయి ఒకటి నేను ఇరవై ఎనిమిదేళ్లు మోశాను. ఈరోజు ఆ సంగతే మీ ముందు చెప్పుకోవాలని వచ్చాను.

అసలు విషయానికి వెళ్లే ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. కృతజ్ఞత అనగానే మనలో కొందరికి కోపం వస్తుంది. "ఎవరికండీ కృతజ్ఞత? పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు" అంటారు. అక్షరాలా నిజం. మొన్న డిసెంబరు 17న మనమంతా పెన్షనర్ల దినోత్సవం జరుపుకున్నాం. 1982లో సరిగ్గా ఆ తేదీనే సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పిల్లలు కూడా ఉన్నారు కనుక రెండు మాటల్లో చెబుతాను. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కను మెరుగుపరిచింది. అయితే 1979 మార్చి 31న గాని, ఆ తర్వాత గాని రిటైరైన వారికే ఆ లాభం అంది. అంతకు ముందే రిటైరైన వారికి పాత లెక్కే. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారాగారు, మరొకరు, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి కోర్టుకెక్కారు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారి అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తులు విన్నారు. తీర్పు జస్టిస్ డి.ఎ. దేశాయిగారు వ్రాశారు. తేదీనిబట్టి పెన్షనర్లను రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమన్నారు. పెన్షను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసినది అని తేల్చారు.

కాబట్టి పెన్షను మన హక్కు. దానికి ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు. కాని మిత్రులారా, ఆ హక్కు తేల్చిపెట్టిన నకారాగారికి మనం ఏమిచ్చాం? ఆయనను మనలో ఎవరూ చూసి ఉండరు. ఆయన కేసు వేసినప్పుడు మన పేర్లు ఆయనకు తెలియవు. అయినా ఆ శ్రమ ఫలం మనదాకా వచ్చింది. ఏటా ఒకరోజు ఆయన పేరు తలుచుకుంటున్నామంటే అది కృతజ్ఞత కాక మరేమిటి? హక్కు అడిగి పుచ్చుకోవాలి. కృతజ్ఞత అడగకుండానే ఇవ్వాలి. ఒకటి ఉన్నచోట రెండోది ఉండకూడదని ఎక్కడా లేదు.

ఇక పండుగ విషయం. మన సంక్రాంతిని జాగ్రత్తగా గమనిస్తే అది మొదటినుంచి చివరిదాకా బాకీలు తీర్చుకునే పండుగే. సంక్రాంతి నాడు కొత్తబియ్యంతో పొంగలి వండి పెద్దలకు పెట్టుకుంటాం. మనకు పొలమో, చదువో, కనీసం ఇంటిపేరో ఇచ్చి వెళ్లినవారిని తలుచుకుంటాం. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపిస్తాం. సంవత్సరమంతా కాడి మోసినందుకు ఆ ఒక్కరోజు వాటికి సెలవు. కోత కోసిన చేలో గింజ పిచ్చుకకూ చెందాలని వరికంకుల కుచ్చులు అల్లి చూరుకు వేలాడదీసేవారు. వాకిట్లోకి వచ్చిన హరిదాసు అక్షయపాత్రలో పిల్లలచేత గుప్పెడు బియ్యం పోయించేవారు. గంగిరెద్దుకు పాత బట్టో, కొత్త ధాన్యమో దక్కేది.

ఇంత చక్కటి ఏర్పాటు చేసిన మన పెద్దవాళ్లకు దణ్ణం పెట్టాలి. కాని ఒక చిత్రం చూడండి. చనిపోయిన పెద్దలకు పెడతాం, వారు వినలేరు. ఎద్దుకు దణ్ణం పెడతాం, అది జవాబు చెప్పలేదు. ఎదురుగా ఉన్న మనిషికి, విని సంతోషించగలిగిన మనిషికి మాత్రం మనకు నోరు రాదు!

మా నాయనమ్మకు థాంక్స్ అనే మాట తెలియదు. కృతజ్ఞతలు అనే మాటా తెలియదు. కాని మంచినీళ్లు తెచ్చి ఇస్తే "చల్లగా ఉండు నాయనా" అనేది. పాలు పోయడానికి వచ్చిన మనిషిని "నీ పిల్లలు పచ్చగా ఉండాలే అమ్మా" అని దీవించనిదే పంపేది కాదు. ఆ తరం వారికి దీవెనే కృతజ్ఞత. మనం చదువుకున్నాం, ఉద్యోగాలలో చేరాం. దీవించడం పాతకాలపు పద్ధతి అని మానుకున్నాం. థాంక్స్ అనడం దొరల పద్ధతి అని అదీ అలవాటు చేసుకోలేదు. రెంటికీ చెడ్డ రేవడులమయ్యాం.

నేను తపాలా శాఖలో పనిచేశాను. మా ఆఫీసులో టెలిగ్రామ్ కూడా ఉండేది. పిల్లలకు తెలియదు గాని, శుభాకాంక్షల టెలిగ్రాములకు నంబర్లుండేవి. పెళ్లికైతే 8వ నంబరు. ఇక్కడ ఫారం మీద నంబరు వేస్తే, అక్కడ ఆఫీసులో దానికి సంబంధించిన వాక్యం మొత్తం వ్రాసి ఇచ్చేవారు. దీపావళికి ఒకటి, పరీక్ష పాసైతే ఒకటి. మీ శుభాకాంక్షలకు కృతజ్ఞతలు అని చెప్పడానికి కూడా ఒక నంబరుండేది. ఖర్చు కలిసివచ్చే మంచి ఏర్పాటే. 2013 జూలైలో టెలిగ్రామ్ సర్వీసు ఆగిపోయేవరకు ఎంతోమందికి అది ఉపయోగపడింది. నా చేతులమీదుగా కొన్ని వందల నంబర్లు పంపి ఉంటాను. ఇతరుల కృతజ్ఞతలు అంత చక్కగా పంపినవాడిని, నా సొంత కృతజ్ఞత ఒకటి పంపడం మరచిపోయాను.

ఆ సంగతి ఇది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను కోనసీమలోనే ఒక సబ్ పోస్టాఫీసులో ట్రెజరర్ పని చూస్తున్నాను. రెండు నెలలకు సంక్రాంతి వచ్చింది. ఇళ్లమీద కప్పులు లేవు, చెట్ల మీద కాయ లేదు. కాని బయట ఊళ్లలో ఉన్న పిల్లలు, అన్నదమ్ములు తలో వంద, రెండువందలు మనియార్డర్లు పంపుతున్నారు. మా ఆఫీసులో ఊపిరి తిరగని పని.

పల్లెటూళ్లకు డబ్బు ఎలా వెళ్లేదో చెప్పాలి. సబ్ పోస్టాఫీసు కింద కొన్ని బ్రాంచి పోస్టాఫీసులుంటాయి. రోజూ ఉదయం మేము ఉత్తరాలు, మనియార్డర్లు, వాటికి సరిపడా నగదు సంచిలో పెట్టి, సీలు వేసి పంపేవాళ్లం. అక్కడ బ్రాంచి పోస్టుమాస్టరు సంచి విప్పి పంపిణీ చేయించేవారు. వీరిని అప్పట్లో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు. మేము ఇ.డి.లు అని పిలిచేవాళ్లం. 2001 నుంచి గ్రామీణ డాక్ సేవకులు అంటున్నారు.

భోగికి ముందు శనివారం. ఉదయం నుంచీ కరెంటు లేదు. చీకటి గదిలో లాంతరు పెట్టుకుని సంచులు కడుతున్నాను. ఒక బ్రాంచికి 5,000 రూపాయలు పంపాలి, అంటే యాభై నోట్ల కట్ట ఒకటి. స్లిప్పు మీద సరిగానే వ్రాశాను. సంచిలో మాత్రం నూరు నోట్ల కట్ట పెట్టాను. ఆ సంగతి నాకు తెలియదు.

సాయంత్రం లెక్క కట్టేసరికి 5,000 రూపాయలు తక్కువ వచ్చింది. అది అప్పటి నా నెల జీతమంత. ఒకసారి లెక్కపెట్టాను, మూడుసార్లు లెక్కపెట్టాను. ముచ్చెమటలు పోశాయి. రాత్రికి డబ్బు కట్టాలి, లేదా పైకి రిపోర్టు పోవాలి. రిపోర్టు పోతే ఎంక్వయిరీ, సస్పెన్షను, పేపర్లో పేరు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన చెల్లెలు. ఒక్క పూటలో నా ఇరవై ఏళ్ల సర్వీసు కళ్లముందు కూలిపోయినట్లయింది.

రాత్రి ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. ఆ బ్రాంచి పోస్టుమాస్టరు నిలబడి ఉన్నారు. పన్నెండు కిలోమీటర్లు చీకట్లో సైకిలు తొక్కుకుంటూ, కాలువ దగ్గర కొబ్బరి దుంగలు పరిచిన వంతెన మీద సైకిలు భుజాన వేసుకుని దాటి వచ్చారు. మోకాళ్ల వరకు బురద. తలకు చుట్టుకున్న తుండుగుడ్డ విప్పి అందులోంచి కాగితం పొట్లం తీశారు. "సార్, పొద్దున్న సంచిలో కట్ట మారిందండి. ఇవి మిగిలిన యాభై నోట్లండి" అన్నారు.

మిత్రులారా, ఆ క్షణంలో నేనేమన్నానో చెప్పడానికి ఈరోజుకీ సిగ్గుగా ఉంది. "ఉదయం సంచి విప్పినవారు రాత్రి ఎనిమిదింటికా రావడం? ఇక్కడ నా ప్రాణాలు పోతున్నాయి. బాధ్యత లేదా మీకు?" అని కేకలేశాను. ఆయన తల వంచుకుని, "మనియార్డర్లు పంచి వచ్చానండి. పండగ ముందు కదండి, ముసలాళ్లంతా పొద్దుటినుంచి అరుగుమీద కూచునున్నారండి" అన్నారు. నేను నోట్లు ఆయన ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. కాగితం మీద సంతకం చేసి ఇచ్చాను. మంచినీళ్లు తాగుతారా అని కూడా అడగలేదు. ఆయన అదే చీకట్లో వెనక్కి వెళ్లిపోయారు.

అది భయం తీరిన క్షణంలో వచ్చిన కోపమని తర్వాత నాకే అర్థమైంది. సోమవారం మాట్లాడదామనుకున్నాను. ఆ సోమవారం పండుగ రద్దీలో పోయింది. తర్వాత ఆయన ఎప్పుడు కనిపించినా ఆ మాట ఎత్తడానికి మొహమాటం అడ్డు వచ్చింది. ఏడాది తిరిగేసరికి నాకు బదిలీ అయింది. ప్రమోషను వచ్చింది. 2012లో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో దండలు వేయించుకుని, "నా సర్వీసులో ఒక్క పైసా తేడా రాలేదని గర్వంగా చెప్పగలను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో సగం ఎవరికి చెందాలో నాకు తెలుసు. ఆ పేరు మాత్రం నోట రాలేదు.

ఇంట్లో మాత్రం ఈ కథ చాలాసార్లు చెప్పాను. నిజాయితీకి ఉదాహరణగా పిల్లలకు చెప్పాను, మనుమలకు చెప్పాను. అయితే నేను కేకలేసిన ముక్క వదిలేసి చెప్పేవాడిని. 2025 సంక్రాంతికి మా మనుమరాలు వచ్చింది. దానికి తొమ్మిదేళ్లు. భోగిమంట దగ్గర కూర్చుని కథంతా విని, "అయితే తాతయ్యా, ఆయనకి నువ్వు థాంక్స్ చెప్పావా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. వాళ్ల నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ పిడకల దండ మంటలో వేస్తూ, "అడిగిందిగా, చెప్పండి" అంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని ఆ రోజు ఆగి, ముక్కనుమ నాడు బయలుదేరాను. రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. దారిలో కొబ్బరితోటలు మళ్లీ నిండుగా పెరిగి ఉన్నాయి. ఆయన ఉన్నారో లేదో తెలియదు. ఊళ్లో "పోస్టుమాస్టరుగారి ఇల్లు" అని అడిగితే ఒక కుర్రవాడు చూపించాడు.

ఉన్నారు. డెబ్భై దాటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. నేను ఫలానా అని చెప్పగానే లేచి నిలబడ్డారు. నేను ఆయన చేతులు పట్టుకుని, "1997లో భోగికి ముందు శనివారం రాత్రి మీరు తెచ్చి ఇచ్చిన డబ్బు నా ఉద్యోగాన్ని, నా పరువును నిలబెట్టింది. ఆ మాట చెప్పడానికి వచ్చాను. మీకు గుర్తుందా?" అన్నాను. ఆయన గుర్తులేదంటారని, అంత గొప్ప మనిషి కనుక ఆ మంచిపని మరచిపోయి ఉంటారని నేను దారి పొడుగునా ఊహించుకుంటూ వచ్చాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "గుర్తుందండి. మీరు కేకలేశారు కదండి" అన్నారు.

లోపలినుంచి మజ్జిగ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "అందుకేనా ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు? ఒంట్లో బాగాలేదన్నారు!" అంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఆవిడకు అప్పుడు తెలిసింది.

నేను క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలెండి సార్. ఇన్నాళ్లకైనా వచ్చారు" అన్నారాయన. సాయంత్రందాకా ఉంచుకుని, భోజనం పెట్టి, అరిసెలు మూటగట్టి ఇచ్చారు. ఆయన పేరు ఈ సభలో చెప్పవచ్చా అని అడిగితే వద్దన్నారు. అందుకే చెప్పడం లేదు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్కటే. నేను ఇన్నాళ్లూ ఏమనుకున్నానంటే, కృతజ్ఞత చెప్పకపోయినా మనసులో ఉంది కదా, దానివల్ల నష్టం ఏమిటి అనుకున్నాను. నా మనసులో ఉన్నది నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? చెప్పని మాట ఉన్నచోట ఖాళీ ఉండదు. మనం ఆఖరుసారి అన్న మాటే అక్కడ మిగిలిపోతుంది. నా దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు ఆయన మంచితనం మిగిలింది. ఆయన దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు నా కేక మిగిలింది.

ఇంకొక విషయం కూడా నన్ను బాధించింది. నేను ప్రతి నెలా పెన్షను తీసుకుంటున్నాను. నా రికార్డు మచ్చపడకుండా కాపాడిన ఆ మనిషికి మనలాంటి పెన్షను లేదు. ఇ.డి.లవి కూడా సివిల్ పోస్టులేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగుల పెన్షను నిబంధనలు వారికి వర్తించలేదు. ఆయన పది కొబ్బరిచెట్ల మీద, కొడుకు పంపే డబ్బు మీద బ్రతుకుతున్నారు. కృతజ్ఞత అంటే చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకోవడంతో సరిపోదు. మన కింద, మన పక్కన పనిచేసి మనకు దక్కినది దక్కనివారు ప్రతి శాఖలోనూ ఉన్నారు. వారు న్యాయంగా అడిగేదానికి మన సంఘం కూడా గొంతు కలపాలని మనవి చేస్తున్నాను. నకారాగారి బాకీ మనం తీర్చగలిగే దారి బహుశా ఇదే.

ఇక నిత్యజీవితంలో ఆచరించడానికి వీలైన సంగతులు మూడు నాలుగు చెప్పి ముగిస్తాను. ఇవి నేను చేసి చూసినవే.

మొదటిది. పెన్షను బ్యాంకులో పడిన రోజున ఒక పోస్టుకార్డు వ్రాయడం. నా సర్వీసులోనో, జీవితంలోనో నాకు మేలు చేసిన ఒక్కరికి. నిరుడు ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు పదకొండు కార్డులు వ్రాశాను. నలుగురు ఫోను చేశారు. ఒకాయన ఫోనులో ఏమీ మాట్లాడలేక పెట్టేశారు, మళ్లీ మర్నాడు చేశారు. రెండు కార్డులు తిరిగి వచ్చాయి, అడ్రసుదారు చనిపోయారని. నేను పోస్టాఫీసులో అలాంటి ఉత్తరాలు వేలకొద్దీ చూసి ఉంటాను. నా చేతివ్రాతతో తిరిగి వచ్చినప్పుడే వాటి బరువు తెలిసింది. మన వయస్సులో వచ్చే పండుగకు చెబుదాం అని వాయిదా వేయకూడదు.

రెండవది. చెప్పేటప్పుడు ఫలానా పని అని చెప్పడం. "మీరు చాలా మంచివారండీ" అంటే అది టెలిగ్రామ్ నంబరు వంటిది, ఎవరికైనా సరిపోతుంది. "మా అమ్మాయి పెళ్లినాడు మీరు రాత్రంతా వంటశాల దగ్గర కూర్చున్నారు, నేను మరచిపోలేదు" అంటే అది ఆయన ఒక్కరికే చెందుతుంది.

మూడవది ఇంట్లో. మనకు అరవై ఏళ్లకు రిటైర్మెంటు ఇచ్చారు. మన ఇంటి ఇల్లాలికి ఎవరూ ఇవ్వలేదు. ముగ్గులు, పిండివంటలు, వచ్చిన కూతుళ్లు, అల్లుళ్లు, ఈ నాలుగు రోజులూ ఆవిడకు డబుల్ డ్యూటీ. నేను కోనసీమనుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే "కాఫీ చాలా బాగుంది" అన్నాను. ఆవిడ కంగారుగా నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అంది. మీరు నవ్వుతున్నారు గాని, యాభై ఏళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటే ఆవిడకు ఆ అనుమానం వచ్చేది కాదో లెక్క వేసుకోండి. అక్కడ కూర్చున్న సోదరీమణుల ముఖాలు చూస్తే ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తెలుస్తోంది.

నాలుగవది. మన గుమ్మంలోకి వచ్చేవారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు కోసం క్యూలో నిలబడే బాధ తగ్గింది. 2020 నుంచి అడిగితే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి ఆ పని చేసి పెడుతున్నారు. మన వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. ఆ కుర్రవాడు ఓపికగా నాలుగుసార్లు ప్రయత్నిస్తాడు. అతనికి రుసుము ఇచ్చాం కదా అనుకోవద్దు. రుసుము యంత్రానికి, ఓపికకు ఒక కుర్చీ, ఒక గ్లాసు మంచినీళ్లు, "శ్రమ ఇచ్చాను నాయనా" అనే మాట. నేను ఆ రాత్రి ఇవ్వలేకపోయినవి అవే.

చివరగా ఒక హెచ్చరిక, ఇది నాకు నేను చేసుకున్నదే. మనం ఇద్దరు ముగ్గురం కలిస్తే, "ఈ కాలం పిల్లలకు కృతజ్ఞత లేదు" అని మొదలుపెడతాం. కృతజ్ఞత మనం ఇవ్వవలసిన బాకీయే గాని, వసూలు చేసుకోవలసిన బాకీ కాదు. మనం ఇస్తూ ఉంటే పిల్లలు చూస్తారు. చూసినది నేర్చుకుంటారు. పైగా మా ఇంట్లో ఈ పాఠం నేర్పినది తొమ్మిదేళ్ల పిల్ల, నేర్చుకున్నది నేను.

ఈ ఏడు కనుమకు ఆవు లేని ఇంట్లో ఎవరికి పూజ చేయాలి అని పట్నాల్లో ఉన్నవారు అడుగుతుంటారు. ఆ రోజు ఒక గంట కేటాయించి, ఎవరి భుజం మీద మీ బండి నడిచిందో ఆలోచించండి. ఒక పేరు తడుతుంది. ఫోను చేయండి, కార్డు వ్రాయండి, దగ్గరైతే వెళ్లండి. అవతలివారు "మీరు కేకలేశారు కదండి" అంటే తల వంచుకుని వినండి. విన్నాక అరిసెలు పెడతారు, నాది పూచీ.

ఇప్పుడు కార్యదర్శిగారు వందన సమర్పణ చేస్తారు. మన సభలలో వందన సమర్పణ మొదలుకాగానే సగం మంది కాఫీ కోసం లేస్తారు. నేను కూడా ఎన్నోసార్లు లేచినవాడినే. ఈరోజు ఒక్కసారి దయచేసి కూర్చోండి. ఈ కుర్చీలు వేసినవారు, ఈ మైకు పెట్టిన అబ్బాయి, వెనుక కాఫీ కాస్తున్న అమ్మలు, అందరి పేర్లూ ఆయన చదువుతారు. పేరు విన్న ప్రతిసారీ ఆ మనిషి వైపు తిరిగి చూద్దాం.

మీ అందరికీ, మీ కుటుంబాలకూ సంక్రాంతి శుభాకాంక్షలు. చల్లగా ఉండండి. సెలవు.